హెరాల్డ్ ఆగిపోతే ముందు కరెంటు చూడండి, కార్బరేటర్ సంగతి తర్వాత

పాత కారు రోడ్డు మీద ఆగిందంటే చాలు, పక్కన బండి ఆపి చూడవచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పే మాట ఒకటే: "కార్బరేటర్‌ల కచరా వడ్డదన్నా, ఇప్పి కడుగు." సాయం చేద్దామనే అంటారు. కానీ ఆ మాట విని బానెట్ ఎత్తీ ఎత్తగానే, పెట్రోలును గాలితో కలిపే ఆ కార్బరేటర్‌ను విప్పేసిన కార్లను నేను చాలా చూశాను. అసలు లోపం జానెడు వైరులో ఉంటుంది, అది అలాగే ఉంటుంది. ఈలోపు స్క్రూలన్నీ తిప్పేసి, పాత గ్యాస్కెట్ చింపేసి, ఒక లోపాన్ని రెండు చేసి పెడతారు. అందుకే ఇది రాస్తున్నా. ఒక వరుసలో చూసుకుంటూ పోతే, ఒకసారికి ఒక్కటే మారిస్తే, ఈ ఇంజన్లలో దొరకని లోపమంటూ దాదాపు ఉండదు.

నా దగ్గరున్నది స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన కారునే మన దగ్గర 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారు చేశారు. దాని గీతలు గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఈ హెరాల్డ్ ఛాసిస్ నుంచే పుట్టింది, ఇంజన్ కూడా ఇదే కుటుంబానిది. కాబట్టి ఇక్కడ చెప్పేది స్పిట్‌ఫైర్ ఉన్న అదృష్టవంతులకూ పనికొస్తుంది. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్), వాటికి తోడుండే కండెన్సర్‌తో నడిచే ఫియట్, అంబాసిడర్‌లకు కూడా వరుస ఇదే, కొలతలు మాత్రం వాటి మాన్యువల్‌లో చూసుకోవాలి. హెరాల్డ్‌లో ఒక గొప్ప సుఖం ఉంది. బానెట్ రెండు వైపుల ఫెండర్లతో సహా మొత్తంగా ముందుకు లేస్తుంది. ముందు టైరు మీద కూర్చుని, నడుం వంచకుండా ఇంజన్ పని అంతా చేసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు

కావలసినవి తక్కువే. ఒక టెస్ట్ ల్యాంపు, ఒక చవక మల్టీమీటర్, సన్న సందులు కొలిచే ఫీలర్ గేజ్, ప్లగ్గు పానా, చిన్న స్క్రూడ్రైవర్లు, శుభ్రమైన గుడ్డ, ఒక నోటు పుస్తకం. టెస్ట్ ల్యాంపు కొననక్కర లేదు, 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు, చివర క్లిప్పులు పెట్టుకుంటే సరిపోతుంది. నోటు పుస్తకం మాత్రం తప్పకుండా పెట్టుకోండి. ఏ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పారో, ఏ వైరు ఎక్కడి నుంచి తీశారో రాసుకోకపోతే సాయంత్రానికి మీరే మర్చిపోతారు. ఇప్పుడైతే ఫోను ఉంది, విప్పే ముందు ఒక ఫోటో తీయండి.

గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేకు వేశారా చూసుకోండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు, ఆ పొగ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. పెట్రోలు పైపు విప్పి ఉన్నప్పుడు స్పార్క్ పరీక్ష చేయకండి, ఈ రెండూ ఎప్పుడూ ఒకేసారి పెట్టుకోకూడదు. వదులు చొక్కా చేతులు, మెడలో కండువా ఫ్యానుకు చుట్టుకుంటాయి, పక్కన పెట్టేయండి. ఇంకో మాట, పాత ఇంగ్లీషు కార్లలో కొన్నింటికి ప్లస్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ టెర్మినల్ బాడీకి పోతుంది. బ్యాటరీ విప్పితే మళ్లీ కట్టే ముందు ఏది బాడీకి పోయిందో చూసుకుని కట్టండి.

సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందా?

తాళం తిప్పితే సెల్ఫ్ నీరసంగా మూలుగుతోందంటే స్పార్క్ గురించి ఆలోచించడం కూడా అనవసరం. బ్యాటరీ నిండుగా ఉంటే మీటరులో 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 10 కంటే బాగా కిందికి పడిపోతే, బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కు సరిపడా పెంచే కాయిల్‌కు చాలినంత కరెంటు పోదు, ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోదు. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి కడగండి, ఉప్పుకాగితంతో రుద్ది మెరిసేదాకా శుభ్రం చేసి, బిగించాక పైన కొంచెం వ్యాజలిన్ రాయండి.

ఆ తర్వాత చూడాల్సింది ఇంజన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరులో కరెంటు పోదు. ఈ పట్టీ తెగినా, బోల్టు కింద తుప్పు పట్టినా సెల్ఫ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, ఎక్కువగా దానికి దొరికేది చోక్ (చల్లటి ఇంజన్‌కు పెట్రోలు పాలు పెంచేది) కేబులే. సెల్ఫ్ నాలుగుసార్లు కొట్టి చోక్ కేబుల్ పట్టుకుని చూడండి. వేడెక్కిందంటే లోపం ఎర్త్ పట్టీలో ఉన్నట్టే. రెండు బ్యాటరీలు మార్చి కూడా ఈ పట్టీని ముట్టుకోని వాళ్లు ఉన్నారు.

స్పార్క్ ఉందా లేదా

సెల్ఫ్ గట్టిగా తిరుగుతూ కూడా ఇంజన్ అందుకోకపోతే, ఇప్పుడు స్పార్క్. నాలుగు ప్లగ్గులకూ స్పార్క్ పంచేది డిస్ట్రిబ్యూటర్. దాని క్యాపు మధ్యలోకి కాయిల్ నుంచి వచ్చే లావు వైరు పీకండి. దాని చివరను ఇంజన్ ఇనుముకు ఐదారు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకోవాలి, చేత్తో కాదు, బట్టలు ఆరేసుకునే చెక్క క్లిప్పుతో. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, లావుగా, టక్ టక్‌మని చప్పుడు చేస్తూ దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ మూడూ పని చేస్తున్నట్టు. పసుపుపచ్చగా సన్నగా దారంలా ఉంటే బలం లేదని అర్థం. పట్టపగలు ఎండలో ఈ తేడా కనపడదు, నీడలో చూడాలి, వీలైతే సాయంత్రం చూడండి.

కాయిల్ వైరు దగ్గర మంచి స్పార్క్ ఉండి ప్లగ్గుల దగ్గర లేదంటే దొంగ క్యాపులోనో, దాని లోపల తిరిగే రోటరులోనో, ప్లగ్గు వైర్లలోనో ఉన్నాడు. క్యాపు విప్పి వెలుతురులో తిప్పుతూ లోపలి వైపు చూడండి. రెండు ఇత్తడి కాళ్ల మధ్య పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్ల గీత కనిపిస్తే, దాని గుండా కరెంటు పక్కదారి పడుతోంది. గీకినా కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది, క్యాపు మార్చాల్సిందే. మధ్యలో చిన్న కార్బన్ ముక్క ఉంటుంది, వేలితో నొక్కితే స్ప్రింగులా లోపలికి పోయి రావాలి. వానాకాలం పొద్దున క్యాపు లోపల చెమ్మ పట్టినా ఇంజన్ మొండికేస్తుంది, పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

రోటరు అంత తేలికగా దొరకదు. పగులు కంటికి కనపడకుండా, లోపలి నుంచి షాఫ్టుకు కరెంటు లీకవుతుంది. క్యాపు తీసేసి, పాయింట్లు మూసి ఉన్న చోట ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. కాయిల్ లావు వైరును క్లిప్పుతో రోటరు పైనున్న ఇత్తడికి రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో పాయింట్లను తెరిచి మూయండి. రోటరు బాగుంటే స్పార్క్ దూకదు, దూకడానికి దానికి దారి ఉండకూడదు. దూకుతోందంటే రోటరు లోపల కాలిపోయింది. కొత్త రోటరు కూడా ఇలా పరీక్ష చేశాకే వేస్తాను నేను.

కాయిల్ దగ్గరే స్పార్క్ లేకపోతే

టెస్ట్ ల్యాంపు ఒక క్లిప్పు ఇంజన్ ఇనుముకు పెట్టండి. రెండోది కాయిల్ మీద ఇగ్నిషన్ స్విచ్ నుంచి వైరు వచ్చే టెర్మినల్‌కు పెట్టి, తాళం ఆన్ చేయండి. బల్బు వెలగాలి. వెలగకపోతే స్విచ్, ఆ వైరు, మధ్యలోని జాయింట్లు చూసుకోవాలి. షెడ్డులో ఎక్కువ రోజులు ఉన్న కారైతే ఎలుకలు కొరికాయేమో చూడండి. పత్తి, వడ్లు నిల్వ పెట్టే కొట్టంలో నిలిపిన బండికి ఇది మామూలే.

వెలిగితే క్లిప్పును కాయిల్ రెండో టెర్మినల్‌కు, అంటే డిస్ట్రిబ్యూటర్‌కు సన్న వైరు పోయే దానికి మార్చి సెల్ఫ్ కొట్టించండి. బల్బు వెలుగుతూ ఆరుతూ మిణుకుమిణుకుమనాలి, పాయింట్లు తెరుచుకున్నప్పుడు వెలుగు, మూసుకున్నప్పుడు చీకటి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు అంటుకోవడం లేదు, మురికి పట్టి ఉండొచ్చు, గ్యాప్ ఎక్కువై ఉండొచ్చు, లేదా వైరు తెగి ఉండొచ్చు. అసలు వెలగకపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా ఎక్కడో బాడీకి తాకుతోంది, లేదా కాయిల్ లోపల తెగింది. ఒక్క బల్బు ఇంత చెబుతుంది.

ఇప్పుడు నా సంగతి. మొన్నటికి ముందు వేసవిలో నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోదామని పొద్దున్నే బయల్దేరాం, వెనక సీట్లో అమ్మ ఉంది. దేవరకొండ దాటాక కారుకు ఒక వింత రోగం పట్టుకుంది. నిలబెట్టి స్లోలో నడిపితే గడియారంలా నడుస్తుంది, యాక్సిలరేటర్ తొక్కగానే దగ్గి ఆగిపోతుంది. ఒక మెకానిక్ వచ్చి ఇది పెట్రోలు చాలకపోవడమే అన్నాడు, లక్షణం అచ్చం అలాగే ఉంది మరి. కార్బరేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గులు మార్చాడు, తర్వాత కాయిల్ మార్చాడు. మూడు రోజులు పోయాయి, కారును ట్రాలీ మీద ఇంటికి తెచ్చాం. అమ్మ బస్సులో పోయి దర్శనం చేసుకుని వచ్చింది.

ఇంటి దగ్గర నిమ్మళంగా డిస్ట్రిబ్యూటర్ క్యాపు తీసి, లోపల పాయింట్ల నుంచి బయటి టెర్మినల్‌కు పోయే బెత్తెడు కూడా లేని మెత్తని వైరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగాను. మంచి వైరు సాగదు. ఇది రబ్బరు బ్యాండులా సాగింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి పోగులన్నీ తెగిపోయి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయంతే. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు ఆ ఆనుకోవడమే సరిపోయింది. యాక్సిలరేటర్ తొక్కగానే వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ గాలి పీల్చే లాగుడుతో స్పార్క్‌ను ముందుకు జరిపేది) పాయింట్ల ప్లేటును కొంచెం తిప్పుతుంది, వైరు సాగుతుంది, కొసలు విడిపోతాయి, కరెంటు పోతుంది. అందుకే ఈ వైరును ఎప్పుడూ చేత్తో లాగి చూడాలి, కంటితో చూస్తే చాలదు. కొత్తది వేసేటప్పుడు కూడా ఎక్కువ పోగులున్న మెత్తని వైరే వేయండి. ఇంటి కరెంటుకు వాడే గట్టి వైరు వేస్తే ఆ కదలికకు వారం రోజుల్లో మళ్లీ తెగుతుంది. ఆ ప్లేటుకు ఎర్త్ కోసం ఇంకో చిన్న వైరు ఉంటుంది, దానిదీ ఇదే కథ.

పాయింట్లు, కండెన్సర్

పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, పాత లెక్కలో అంగుళంలో వెయ్యికి 15 వంతులు. ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ, పాయింటు మడమ, దాన్ని తోసి తెరిచే క్యామ్ మూల మీదికి సరిగ్గా ఎక్కి పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి ఫీలర్ గేజ్ పెట్టాలి. చేత్తో తిప్పడానికి తేలిక దారి, ప్లగ్గులు నాలుగూ తీసేసి టాప్ గేరులో కారును ముందుకూ వెనక్కూ తోయడం. గేజ్ బ్లేడు మెత్తగా రాసుకుంటూ పోవాలి, ఇరుక్కోకూడదు. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడవకుండా వేస్తే స్పార్క్ రాదు, కొత్త పాయింట్లు వేసినా స్టార్ట్ కాలేదని టెన్షన్ పడటం తప్ప ఏమీ దొరకదు. క్యామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు చాలు. ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీదే పడుతుంది.

పాయింట్లు బిగించే చిన్న నట్టు కింద వాషర్ల వరుస ఒకటి ఉంటుంది, ఇన్సులేషన్ వాషరు ఎక్కడ, స్ప్రింగు ఎక్కడ, కాయిల్ వైరు ఎక్కడ, కండెన్సర్ వైరు ఎక్కడ అని. వైర్ల కొసలు రెండూ స్ప్రింగును తాకాలి, కానీ మధ్యలోని కడ్డీని కానీ ప్లేటును కానీ తాకకూడదు. ఒక్క వాషరు కిందామీదా అయితే కరెంటు నేరుగా బాడీకి పోతుంది, స్పార్క్ సున్నా. ఇక్కడే ఫోటో అక్కరకొస్తుంది.

కండెన్సర్ సంగతి వేరు. పాయింట్లు తెరుచుకునేటప్పుడు కరెంటు అక్కడే మెరుపుగా దూకకుండా ఆపడం దాని పని. అది చెడితే పాయింట్ల మధ్య పెద్ద మెరుపులు కనిపిస్తాయి, కాయిల్ నుంచి వచ్చే స్పార్క్ నీరసిస్తుంది, పాయింట్లు తొందరగా కాలి ఒకవైపు గుంట, ఒకవైపు బొడిపె పడతాయి. మీటరులో సుమారు 0.2 మైక్రోఫారడ్ చూపిస్తే మంచిదే అనుకోవచ్చు, కానీ చల్లగా ఉన్నప్పుడు బాగున్నది వేడెక్కాక చస్తుంది, అది మీటరులో దొరకదు. నమ్మకమైన పరీక్ష ఒక్కటే, పని చేస్తుందని తెలిసిన ఇంకో కండెన్సర్‌ను బయటి నుంచి వైరుతో తగిలించి చూడటం. ఈరోజుల్లో డబ్బాలోంచి తీసిన కొత్త కండెన్సర్లే పని చేయనివి వస్తున్నాయి. కాబట్టి పని చేస్తున్న పాతదాన్ని పారేయకండి, చీటీ అంటించి డిక్కీలో పెట్టుకోండి.

కాయిల్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సాధారణ 12 వోల్టుల కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య సుమారు 3 ఓములు చూపిస్తుంది. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు పోయే కరెంటును తగ్గించేది)తో వాడాల్సిన కాయిల్ అందులో సగం, సుమారు 1.5 చూపిస్తుంది. బ్యాలస్ట్ లేని కారుకు ఈ రెండో రకం వేస్తే కాయిల్ చేయి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లు కూడా పోతాయి. ఇంజన్ నడవకుండా తాళం ఆన్‌లో వదిలేసినా ఇదే నష్టం.

టైమింగ్, వైర్ల వరుస

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్క్ పడే వరుస, 1, 3, 4, 2. ఒకటో సిలిండరు రేడియేటర్ వైపుది. రోటరు పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది, కాబట్టి వైర్లూ ఆ దిశలోనే పెట్టుకుంటూ పోవాలి. వైర్లు పీకే ముందు ఒక్కోదానికి టేపు చుట్టి అంకె రాయండి.

పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, కూడా మారుతుంది. అందుకే ముందు పాయింట్లు, తర్వాతే టైమింగ్, తిరగేసి చేస్తే రెండుసార్లు చేయాలి. ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో పైకి వస్తుండగా పుల్లీ మీది గుర్తును మాన్యువల్ చెప్పిన డిగ్రీల దగ్గర నిలపండి. టెస్ట్ ల్యాంపును కాయిల్ డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కూ బాడీకీ పెట్టి, తాళం ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ బోల్టు కొంచెం వదులు చేసి మెల్లగా తిప్పండి. బల్బు సరిగ్గా వెలిగే క్షణమే పాయింట్లు తెరుచుకునే క్షణం, అక్కడ బిగించేయండి. రోడ్డు మీద మూడో గేరులో లోడు పడ్డప్పుడు గవ్వలు గిలకరించినట్టు చప్పుడొస్తే టైమింగ్ ముందుకు పోయింది. చప్పుడు లేదు కానీ పికప్ లేదు, ఇంజన్ ఊరికే వేడెక్కుతోంది అంటే వెనకబడింది. పాయింటు మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ దానంతటదే వెనకబడుతుంది, చాలా కార్లు ఏళ్లకేళ్లు అలాగే నడుస్తుంటాయి.

ఇప్పుడు పెట్రోలు

ఇంతదాకా అన్నీ బాగుంటే అప్పుడు పెట్రోలు వైపు రండి. తాళం ఆఫ్ చేసి, కాయిల్ లావు వైరు పీకి బాడీకి గట్టిగా తగిలించండి. కార్బరేటర్ దగ్గర పైపు విప్పి సీసాలోకి పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే పెట్రోలు చిమ్ముతూ ఆగుతూ రావాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఈ పని చేయొద్దు. రాకపోతే ట్యాంకు మూత తీసి మళ్లీ చూడండి. మూత తీయగానే వస్తోందంటే ట్యాంకుకు గాలి పోయే రంధ్రం మూసుకుపోయింది. అయినా రాకపోతే పంపు డయాఫ్రం (లోపలి మెత్తని పొర), లేదా ట్యాంకు నుంచి వచ్చే పైపులో తుప్పు.

డయాఫ్రంల విషయంలో ఇప్పుడు కొత్త బెడద ఒకటి ఉంది. 2025కల్లా దేశమంతా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వచ్చేసింది. ఈ కార్లు తయారైనప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు కదా. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి పగులగొడుతుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది, నిలవ ఉంటే ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. పైపులన్నీ విటాన్ (ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు) పొర ఉన్నవి వేయించండి, డయాఫ్రం కిట్ కూడా ఇథనాల్‌కు తట్టుకునేదే అడిగి కొనండి. నెలల తరబడి నడపని కారైతే పెట్రోలు తీసేసి పెట్టండి. పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్లతో (కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలతో) మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి పలచబడుతుంది. చోక్ కొంచెం లాగితే ఇంజన్ హాయిగా నడుస్తోందంటే కారణం అదే కావచ్చు, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడాల్సి రావొచ్చు.

జెట్లు శుభ్రం చేయడానికి తీగ, సూది పెట్టకండి. ఆ రంధ్రం ఎంత ఉండాలో అంతే ఉండాలి, ఒక్క గీత పడినా మిశ్రమం మారుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టండి. సోలెక్స్ కార్బరేటర్ కింద ఉండే మిశ్రమం స్క్రూను మెత్తగా లోపలికి తాకేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కు తీస్తే ఇంజన్ స్టార్ట్ అయ్యేంత దగ్గరికి వస్తుంది. వేడెక్కాక అటూ ఇటూ తిప్పి, ఇంజన్ ఎక్కడ నున్నగా నడుస్తుందో అక్కడ ఆపాలి. ఈ స్క్రూ స్లోలోనే పని చేస్తుంది, రోడ్డు మీద పికప్ లేదని దీన్ని తిప్పితే ఒరిగేదేమీ లేదు. స్లో ఎంత చేసినా నిలవకపోతే, కార్బరేటర్ నుంచి ఇంజన్‌లోకి మిశ్రమం పోయే మ్యానిఫోల్డ్ జాయింట్ల చుట్టూ కొంచెం నీళ్లు చిలకరించండి, ఎక్కడ చల్లినప్పుడు ఇంజన్ శబ్దం మారుతుందో అక్కడ గాలి లీకవుతోంది. మన ఊళ్లలో కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, ఆ నుసి ఎయిర్ ఫిల్టరును వారం రోజుల్లో నింపేస్తుంది. మిర్యాలగూడ వైపు తిరిగేవాళ్లు ఆ రోజుల్లో ఫిల్టరు మరీ తరచుగా చూసుకోవాలి.

వేడికి ఆగితే

మే నెలలో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు అందరికీ వచ్చే ఫిర్యాదు ఇది. అరగంట బాగా నడుస్తుంది, ఆగుతుంది, ఇరవై నిమిషాలు చెట్టు కింద పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. కారణాలు రెండు. పైపులో పెట్రోలు ఆవిరై పంపు గాలినే తోస్తూ ఉండొచ్చు, లేదా కాయిల్, కండెన్సర్ వేడికి చచ్చి ఉండొచ్చు. రెండూ చల్లారితే బాగవుతాయి, కాబట్టి చల్లారాక ఎంత వెతికినా ఏమీ దొరకదు. ఆగిన నిమిషంలోనే, ఆ వేడిలోనే, కాయిల్ లావు వైరు పీకి స్పార్క్ చూడాలి. స్పార్క్ నీలంగా ఉందంటే పెట్రోలు ఆవిరే. పంపు మీద, పైపు మీద తడి గుడ్డ వేస్తే రెండు నిమిషాల్లో లేస్తుంది. ఇంటికొచ్చాక ఆ పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరిపి కట్టండి, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టండి. స్పార్క్ లేకపోతే ముందు కండెన్సర్ మార్చి చూడండి, తర్వాత కాయిల్.

ఇంజనే మరీ వేడెక్కుతోందంటే రేడియేటర్ లోపలికి పోయిన నీళ్ల గురించి ఆలోచించాలి. మన జిల్లా బోరునీళ్ల సంగతి దేశమంతటికీ తెలుసు, నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. ఆ బోరునీళ్లు గట్టి నీళ్లు కూడా. చాయ గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజన్ బ్లాక్‌లోనూ సున్నం పేరుకుంటుంది. దారిలో తప్పక పోస్తే పోయండి, ఇంటికొచ్చాక తీసేసి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి నింపండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు, ఎంత తొందరున్నా సరే. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవిలో ఘాట్ ఎక్కేవాళ్లు ఫ్యాన్ బెల్టు బయల్దేరే ముందే చూసుకోవాలి.

ప్లగ్గులు, ఆ తర్వాత

అన్నీ అయ్యాక ఒక ఇరవై కిలోమీటర్లు నడిపి, స్లోలో వదలకుండా వెంటనే ఆపి, చల్లారాక ప్లగ్గులు తీసి వరుసగా గుడ్డ మీద పెట్టండి. బిస్కెట్ రంగులో ఉంటే బాగుంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, లేదా టైమింగ్ ముందుంది. జిడ్డుగా నూనె తడి ఉంటే ఆ సిలిండరులో రింగులో, వాల్వ్ గైడో అరిగింది, అది కార్బరేటర్‌తో బాగయ్యేది కాదు. నాలుగింటిలో ఒక్కటే వేరుగా ఉంటే ఆ ఒక్క సిలిండరులోనే వెతకండి. ప్లగ్గు గ్యాప్ 0.64 మిల్లీమీటర్లు.

మిస్సింగ్ ఇంకా ఉంటే ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందులు చూడండి, చల్లటి ఇంజన్ మీద అన్నింటికీ 0.25 మిల్లీమీటర్లు. 8 వాల్వులున్న ఈ ఇంజన్‌కు తొమ్మిది లెక్క ఉంది. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు 1వది సెట్ చేయాలి, 6వది తెరిచి ఉంటే 3వది, ఎప్పుడూ రెండూ కలిపి తొమ్మిది కావాలి. తర్వాత సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి తక్కువుంటే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు తక్కువుంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇక్కడికి వచ్చాక పని హెడ్ విప్పేవాళ్లది, మీరు రాసుకున్న అంకెలు వాళ్లకు చూపించండి, వెతుకులాట సగం తగ్గుతుంది.

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న ఇంజన్ అయితే వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో పెట్టి కారును మెల్లగా ఊపి, స్వేచ్ఛగా తిరుగుతోందని తేలాకే బ్యాటరీ కట్టండి. ఆయిల్ మార్చండి, ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం తీసేయండి, సైలెన్సర్‌లో ఎలుకలు గూడు పెట్టాయేమో కూడా చూడండి.

దూరం పోయేటప్పుడు నా డిక్కీలో ఒక టిఫిన్ డబ్బా ఉంటుంది. అందులో పని చేస్తుందని పరీక్షించిన కండెన్సర్, రోటరు, ఒక జత పాయింట్లు, బెత్తెడు మెత్తని వైరు, టెస్ట్ ల్యాంపు, ఫీలర్ గేజ్, రెండు గుడ్డలు, పక్కన ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్. కొత్త పాయింట్లు వేసి ఉంటే ఒక 500 కిలోమీటర్లకు మళ్లీ గ్యాప్ కొలవండి, మొదట్లో మడమ తొందరగా అరుగుతుంది, గ్యాప్ 0.4 నుంచి తగ్గి ఉంటుంది, సరిచేసి టైమింగ్ ఇంకోసారి బల్బుతో చూసుకోండి.